బాణసంచా పటములు – బళ్లారి కరవు

గోడమీది పటము నోరులేని వస్తువని తలచి మనవారు దానిని గూర్చి విచారింపరు. పత్రికలోని వ్రాతను సందేహింతురు. ఉపన్యాసకుని మాటను ఖండింతురు. ఎన్నికల వాగ్దానమును వినక మునుపే నవ్వుదురు. పటము విషయమున మాత్రము అట్టి జాగ్రత్త లేదు. పఠనమందిరమున కూర్చుండి దినపత్రిక చదివినవాడు దానిని మరునాటికి మరచును; ఎదుటి గోడపై నున్న పటమును చదువకయే నమ్మి ఇరువదియేండ్లు జ్ఞాపకముంచుకొనును. కావున పఠనమందిరపు గోడకు ఏ పటము ఎక్కవలెనను ప్రశ్న చిన్నది కాదని మా తలంపు.

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు చిత్రపత్రికల పుటలకు నకళ్లు నేడు చవుకగా దొరకుచున్నవి. వానికి ఫ్రేములు కట్టించి ఇండ్లలోను, హోటళ్లలోను, పఠనమందిరములలోను వ్రేలాడదీయుట ఒక వేడుక యైనది. అందును బాణసంచా పటములకు గల గిరాకి వేరొకదానికి లేదు. నల్లని ఆకాశము, దానిని చీల్చుకొని పైకెగయు తారాజువ్వలు, రాలుచున్న చుక్కలు, దిగువను ఏనుగులు, పల్లకీలు, తలపాగాల సముద్రము. ఎవని కన్నైనను అక్కడ ఒక్క క్షణము నిలుచును. “ఆహా, ఆ దినముల వైభవమే వైభవము!” అని నిట్టూర్చు పెద్దమనుష్యులు మన ఆదవానిలోను, ఎమ్మిగనూరులోను లేకపోలేదు. మాకు తగవు పటముతో కాదు, ఆ నిట్టూర్పుతో.

పటము సాక్షి యని యొప్పుకొందము. సాక్షిని బోనెక్కించిన తరువాత అడ్డుప్రశ్నలు వేయుట న్యాయము. నీవెవరు? ఎవరి యానతిని వచ్చితివి? నీవు చూచినదెంత? ఇతరులు చెప్పగా విన్నదెంత? చూచియు చెప్పనిదేమి?

మొదట పుట్టుక. లండనులో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అను వారపత్రిక 1842 మే నెలలో పుట్టినది. వార్తను బొమ్మతో అమ్మవచ్చునని లోకమునకు చూపినది అదియే. దానికి పోటీగా 1869లో గ్రాఫిక్ పత్రిక బయలుదేరెను. అప్పటికి ఛాయాచిత్రమున్నను దానిని అక్షరములతోపాటు అచ్చొత్తు ఉపాయము లేదు. కావున చిత్రకారుడు చోటునకు పోయి పెన్సిలుతో గీచుకొనవలెను. ఆ కాగితము పొగయోడలో వారముల తరబడి ప్రయాణముచేసి లండను చేరవలెను. అచ్చట వేరొకరు దానిని గట్టిచెక్కమీద తిరిగి గీయవలెను. ఆ పిమ్మట చెక్కుడుపనివారు దానిని చెక్కవలెను. ఆ పనికి తగిన బాక్సు చెట్టు సన్నని మానుగలది. పెద్దబొమ్మకు ఒక చెక్క చాలదు. అందుచేత చిన్న చిన్న ముక్కలను మరలతో బిగించి ఒకటిగా జేసి, బొమ్మ గీచిన తరువాత విడదీసి, తలకొక ముక్క పంచుకొని, రాత్రింబవళ్లు చెక్కి, మరల బిగించి అచ్చువేయుదురు. ఆకాశము ఒకని చేతిది, ఏనుగు మరియొకనిది, ప్రజల మొగములు ఇంకొకనిది. ఆ మొగములను చెక్కినవాడు హిందూదేశమును కలలోనైనను చూచియుండనక్కరలేదు.

ఇంకొక రహస్యమున్నది. అచ్చుపనివారికిది తెలియును; చూచువారికి తట్టదు. చెక్క బ్లాకులో చెక్కక విడిచిన చోటు నల్లగా పడును. చెక్కి తీసివేసిన చోటు తెల్లగా వచ్చును. పగటి దృశ్యమును చెక్కుట బహుశ్రమ. చెక్కలో ముప్పాతిక భాగమును త్రవ్వి పారవేయవలెను. రాత్రి దృశ్యమైనచో చీకటి యంతయు చెక్కలో సిద్ధముగనే యున్నది. ఉలిమొనతో నాలుగు వంకరగీతలు లాగినచో నాలుగు తారాజువ్వలు, పొడిచినచో చుక్కలు. ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ మెప్పు ఇచ్చు విషయము ఆ వృత్తిలో వేరొకటి లేదు. రంగు లేదన్న లోటుకూడ ఎవరును పట్టించుకొనరు. 1830 దశకమునుండి క్లోరేటు లవణముల చేరికతో ఎరుపు, పచ్చ మంటలు నిజముగా ఆకాశమున వెలిగినవి. పటములో అవియు తెలుపే. చూచువాడే మనస్సులో రంగులు పూసికొనును. పాఠకుని ఊహకు ఇంతపని పెట్టినందువల్లనే కాబోలు ఆ పత్రికలు బాణసంచాను వదలలేదు. 1856 మే 29న క్రిమియా యుద్ధానంతర శాంతికని లండను ఉద్యానములలో కాల్చిన బాణసంచా మొదలు, 1865 నుండి క్రిస్టల్ ప్యాలెస్ తోటలో జనము డబ్బిచ్చి చూచిన బాణసంచా వరకు, అన్నియు ఆ పుటల కెక్కినవే.

సీమలోని బాణసంచా సీమవారి గొడవ. వారి డబ్బు, వారి ఆకాశము. ఆ పటములే మన ఆకాశమునకు వచ్చినప్పుడు లెక్క మారినది. 1875 నవంబరులో వేల్సు యువరాజు బొంబాయిలో దిగి, డిసెంబరులో చెన్నపట్టణము చేరి, ఆ మీదట కలకత్తా మొదలైన పట్టణములు తిరిగెను. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ తరపున విలియం సింప్సన్ అను పేరుగల చిత్రకారుడు వెంట వచ్చెను. దీపాలంకారములు, ఊరేగింపులు, బాణసంచాలు – ఏ పట్టణమున చూచినను అదే వరుస. ఆ కాలపు పటములను నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ముందుభాగమున దొరలు, దొరసానులు, రాజులు, వీరికి మొగములున్నవి. వెనుక ప్రజలు, వీరికి తలలు మాత్రమున్నవి, మొగములు లేవు. ఆకాశమునుండి వెలుగు రాలుచున్నది. ప్రజలందరును పైకి చూచుచున్నారు. ఒక దేశము దేశమంతయు నోరు తెరచి పరప్రభువుల వెలుగును చూచి మురియుచున్నదను అర్థము ఆ కూర్పులోనే యున్నది. క్రింద వ్రాసిన రెండు పంక్తులు కేవలము అదనము.

ఇచ్చట కొందరు మమ్ము అడ్డగింతురు. “మీకు బాణసంచా యనగనే విలాతి ద్వేషము. ఇది మన పాతవేడుక కాదా?” అని వారి ప్రశ్న. అయ్యా, మనదే. ఆ సంగతి మేము మరువలేదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవములోని బాణసంచాను మెచ్చుకొనెను. కృష్ణరాయల కాలమున వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ కూడ దానిని చూచి వ్రాసిపెట్టెను. ఆ రాయలకు సమకాలికుడును, కొంతకాలము శత్రువును అయిన ప్రతాపరుద్ర గజపతి పేర వెలసిన కౌతుకచింతామణిలో బాణసంచా చేయు పాళ్లు కలవని పండితుడు పి. కె. గోడే 1953లో ప్రకటించిన గ్రంథమున చూపెను. హంపికి మన ఆదవాని ఎంతదూరము? ఈ దుర్గము ఆ రాజ్యమునకు పెట్టనికోట. ఇక తారాజువ్వ మాటయా? 1786లో ఈ ఆదవాని కోటను పట్టుకొన్న టిప్పుసుల్తాను దండులో ఇనుపగొట్టముల తారాజువ్వలే ఆయుధములు. శ్రీరంగపట్టణము పడిన తరువాత కాంగ్రీవు దొర వానిని పరీక్షించి, మార్పులుచేసి, ఇంగ్లండు సేనకు తన పేరిట ఇచ్చెను. మనకడనుండి సురేకారమును ఓడల కెత్తుకొని పోయినవారును వారే. ఇంతయు జరిగిన పిమ్మట మన నోట మిగిలిన మాట “సీమటపాకాయ”. సరుకు మనది, పేరు సీమది.

కావున బాణసంచా అన్యాయమని మా వాదము కాదు. పంట ఇంటికి వచ్చిన యేట జాతరలో బిడ్డలు మతాబులు కాల్చినచో, చిచ్చుబుడ్డి చుట్టును చేరి కేరింతలు కొట్టినచో, ఏ మనుష్యుడు కాదనును? ఎవరి యింట పండుగ? ఎవరి ఖర్చు? ఆ వెలుగు వెలిగిన రాత్రి ఊరిలో పొయ్యి వెలిగెనా? మా అడ్డుప్రశ్నలన్నియు ఈ మూడింటికి లోబడినవే. ఇప్పుడు 1877కు వత్తము.

ఆ సంవత్సరము జనవరి 1న ఢిల్లీలో మహాదర్బారు జరిగెను. అంతకు ముందటి యేడు లండను పార్లమెంటు చేసిన బిరుదుల చట్టము ననుసరించి విక్టోరియా రాణి కైసర్-ఇ-హింద్ అయినట్లు రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు చాటించెను. అరువదిమందికి మించిన సంస్థానాధీశులు వచ్చిరి. వారము దినముల వేడుకలు. 68,000 మంది అతిథులకు విందులని చరిత్రకారులు చెప్పుదురు. పతాకములు, కవచములు, నూటొక్క ఫిరంగిమ్రోతలు. వాల్ ప్రిన్సెప్ అను చిత్రకారుని ఆ సభను తైలవర్ణములలో వ్రాయుటకై పిలిపించిరి. చిత్రపత్రికలవారి సంగతి చెప్పనేల? ప్రభుత్వమునకు ఆ సభ యొక నాటకము. ఆ నాటకమునకు టిక్కెట్లు ఆ పత్రికల పుటలు.

ఆ దినమున మన ఆదవాని ఎట్లుండెను? ఎమ్మిగనూరు ఎట్లుండెను? అప్పుడు ఈ రెండును బళ్లారి జిల్లాలోనివి. కర్నూలు జిల్లాలోనికి వచ్చినది 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు. 1876లో రెండు ఋతువుల వానలును తప్పినవి. చెరువులెండినవి, జొన్న, కొర్ర మాడినవి. మన పెద్దలు ధాత, ఈశ్వర సంవత్సరముల కరవని చెప్పుకొన్నది దానినే. చెన్నపురి రాజధానిలో దాని దెబ్బ మిక్కిలి తగిలిన జిల్లాలలో బళ్లారి, కర్నూలు, కడప ముందువరుసవి. సహాయపు పనులలో జనము మట్టి మోయుచుండగా, ఆ రాజధానికి గవర్నరైన బకింగ్‌హాం డ్యూకు ఢిల్లీ సభలో తన ఆసనమున కూర్చుండవలసివచ్చెను. ఆ వేడుకల వారములోనే చెన్నపురి, మైసూరు ప్రాంతములలో లక్షమంది ఆకలికి చచ్చియుందురని పిమ్మట ఒక ఆంగ్ల పత్రికారచయితయే అంచనా కట్టెను. ఈ అంచనాలో సగము తగ్గించినను, ఫిరంగిమ్రోత ఒక్కింటికి ఎన్ని పీనుగులో పాఠకులు లెక్కవేసికొనవచ్చును.

దూరభారమువలన తిండిగింజలు చేరలేదను సాకు చెల్లదు. చెన్నపట్టణమునుండి ఆదవాని మీదుగా రాయచూరువరకు ఇనుపదారి 1871కే పడియుండెను. రైలు వచ్చెను; గింజ వచ్చెను; గింజతోపాటు ధర వచ్చెను. వర్తకము స్వేచ్ఛగా సాగవలెను, ధరలో సర్కారు చేయిపెట్టరాదను సూత్రమే లిట్టన్ ప్రభువునకు వేదవాక్యము. కూలికి ఆ ధర అందలేదు. రైలుకట్ట ప్రక్కనే మనుష్యులు పడిరి.

అదే జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారిని కరవు ఖర్చు అదుపునకై చెన్నపురికి పంపిరి. ఈయన కథ చెప్పుకొనదగినది. 1874 బీహారు కరవులో ధాన్యము తెప్పించి ప్రాణములు కాపాడినందుకు ఈయనను దుబారా మనిషి యని పైవారు తిట్టిరి. ఆ మచ్చ తుడుచుకొనుటకు మన జిల్లాలు దొరకినవి. పగలంతయు కట్టపని చేయు మగవానికి రోజుకు ఒక పౌను గింజ, ఒక అణా చాలునని ఆయన నిర్ణయించెను. స్త్రీలకు, బిడ్డలకు ఇంకను తక్కువ. పౌనన అరకిలోకన్న తక్కువ. రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఇది చావునకు దారియని వాదించెను. కనీసము పౌనున్నర గింజ కావలెననియు, పప్పు, కూరలు లేనిదే దేహము నిలువదనియు ఆయన పోరాడెను. నెలల తరబడి కాగితములు నడచిన తరువాత గాని ఆ కూలి పెరుగలేదు. ఇంగ్లీషువారిలో మంచివారు లేరని మేము అనము, కార్నిష్ ఉన్నాడు. ఆయన బొమ్మను ఎవరును ఫ్రేము కట్టించుట లేదు.

ఎమ్మిగనూరు సాలెలకు ఈ కరవు ఇంకను ముందుగా వచ్చినది. రైతునకు పొలమెండిన దినమున కరవు. నేతగానికి రైతు చీర కొనుట మానిన దినముననే కరవు. మగ్గము ఆగినది. నేతపని తప్ప వేరొకపని చేయని చేతులతో మట్టితట్ట మోయుమనగా ఎన్ని దినములు మోయును? ఆ మగ్గములకు సంఘబలము కావలెనని గ్రహించి, మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమును నిలువబెట్టుసరికి 1938 వచ్చినది. నడుమ ఆరు పదుల యేండ్లు.

లెక్కలు చూడుడు. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871లో సుమారు 9 లక్షల 14 వేలు. 1881లో సుమారు 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకడు లేడు. బళ్లారి జిల్లా ఇంచుమించు ఐదవవంతు తరిగినది. చచ్చినవారెందరో, దేశాంతరము పోయినవారెందరో వేరుచేయు అంకెలు సర్కారు వ్రాతలలో లేవు. మొత్తము బ్రిటిషు పాలిత ప్రాంతములలో ఈ కరవు వాతబడినవారు 55 లక్షలని అంచనా. ఆ రోజులలోనే సీమకు గోధుమల ఎగుమతి ఆగలేదు సరిగదా, మునుపెన్నడు లేనంతగా పెరిగెను.

ఇక అసలు పటమునకు వత్తము. బళ్లారి జిల్లా పేరు ఆ ఘనతవహించిన గ్రాఫిక్ పత్రిక కెక్కినది. ఎప్పుడు? 1877 అక్టోబరులో. ఏ ఘనకార్యమునకు? కరవుబొమ్మకు. మనుష్యులును పశువులును ఎముకల గూళ్లుగా నిలిచిన బొమ్మ అది. అదే నెల 20వ తేది ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ బెంగళూరులో సహాయమునకై కాచుకొనియున్న జనమును వేసెను. ఢిల్లీ సంబరము జనవరిలో. మన ఆకలి అక్టోబరులో. అదే బాక్సుచెక్క, అదే ఉలి, అదే మసి. బాణసంచాకు ఉలి చుక్కలు పొడిచినది. మనకు ప్రక్కటెముకలు గీచినది. చెక్కినవానికి రెండింటికిని కూలి ఒక్కటియే యైయుండును.

ఇచ్చట రెండవ ఆక్షేపణ. “ఆ పత్రికలు ఆకలినికూడ వేసినవని మీరే చెప్పుచున్నారు. ఆ బొమ్మలు చూచి సీమలో చందాలు పోగైనవి. ఇక వారి తప్పేమి?” అని. చందాల మాట నిజమే. 1877 ఆగస్టున లండను మేయరు చందాపట్టీ తెరచెను. ఇంగ్లండు సామాన్య ప్రజలు ఉదారముగా ఇచ్చిరి. ఆ కృతజ్ఞత మాకున్నది. ఇచ్చట మేము విచారించుచున్నది వేయుటను గూర్చి కాదు, మనము ఏరుకొనుటను గూర్చి. న్యాయస్థానమున పత్రమును దాఖలు చేయువాడు మొదటి పుటను చూపి రెండవ పుటను మడిచి పెట్టెనా, అతని కేసు ఆ క్షణముననే చెడును. సంవత్సర పుస్తకములో రెండు పుటలు కలవు. మనవారు ఒకటి చింపుకొని తెచ్చి గోడకెక్కించుచున్నారు. చిత్రపత్రికవాడు తన సరుకును పూర్తిగనే అమ్మెను. సగము పారవైచి కొనుక్కొన్నది మనము. దాని కింక ఇంగ్లీషువానిని తిట్టిన లాభములేదు.

ఆ కాలమున మనకు మనవైన పటములుండినచో ఈ బాధ కొంత తప్పెడిది. కందుకూరి వీరేశలింగంగారి వివేకవర్ధని 1874లోనే బయలుదేరినది గాని, రాజమహేంద్రవరపు చిన్న ముద్రాశాలకు బొమ్మలు చెక్కు దండు ఎక్కడిది? మాట యొక్కటే మన చేతిలో నుండెను. ఆ మాటమీదను అదే లిట్టన్ ప్రభువు కన్ను పడెను. 1878 మార్చిలో దేశభాషాపత్రికల చట్టము చేసెను. ఇంగ్లీషు పత్రికలకు అది తగులదు; చెన్నపురి రాజధానికి మినహాయింపు దొరకెను; తక్కిన ప్రాంతముల దేశభాషా పత్రికలకు మాత్రము నోటికి తాళము. బొమ్మ వారిది, నోరు కట్టుబడినది మనది. ఈ రెండును కలిపి చూడనివాడు ఆ బాణసంచా పటమును చూచినవాడు కాడు.

ఇరువదియేండ్ల తరువాత మరల అదే నాటకము. 1897 జూన్ 22న రాణిగారి వజ్రోత్సవము. ఆ యేడును ముందటి యేడును దేశమున కరవు. మన జిల్లాలకును అందులో పాలు కలదు. బొంబాయి రాజధానిలో ప్లేగు. పూనాలో ప్లేగుసోదాల పేరిట సోల్జర్లు ఇండ్లలో చొరబడిన అవమానము రగులుచుండెను. ఆ రాత్రి గణేశ్‌ఖిండ్ గవర్నరు భవనమున వజ్రోత్సవపు విందు, ఆకాశమున బాణసంచా. ఆ వేడుకనుండి తిరిగివచ్చుచున్న ర్యాండ్, అయర్స్ట్ అను ఇద్దరు అధికారులను చాపేకర్ సోదరులు కాల్చిరి. హత్యను మేము సమర్థింపము. మా మార్గము అది కాదు. కాని ఆ రాత్రి ఆకాశమును మాత్రము పటములో వేసి, ఆ రాత్రి దారిని వేయనివాడు చరిత్ర వ్రాసినవాడు కాజాలడు. ఆ వెనువెంటనే తిలకుగారిని రాజద్రోహ నేరమున పట్టి పదునెనిమిది నెలల శిక్ష వేసిరి. కాల్చినది ఆయన కాదు, వ్రాసినది ఆయన.

పరపాలన పోయినది, లిట్టన్ పోయెను, రాణి పోయెను. ఇప్పుడీ గోలయేల యని కొందరు అడుగవచ్చును. ఆ పటము గోడమీదనుండి దిగి వీథిలోనికి వచ్చినదని మా ఫిర్యాదు. నాయకుడు పట్టణములో కాలుమోపుసరికి రహదారి నాపి, కూడలిలో పదివేలవాలా పరచి ముట్టించుట నేడు మర్యాద యైనది. ఏ పార్టీకి ఆ పార్టీ. ఇందులో కులమతభేదములు కూడ లేవు. సింప్సన్ దొర పెన్సిలుకు బదులు డ్రోను వచ్చినది. ఆకాశమునుండి తీసిన ఆ వీడియోను చూడుడు: ముందు నాయకునికి మొగమున్నది, వెనుకనున్న ప్రజలకు తలలు మాత్రమున్నవి. నూటయేబదియేండ్ల నాటి కూర్పు రవంతయు మారలేదు. దొరకు దర్బారున్నచో మాకేల ఉండరాదని మనవారు ఆ పటమునుండియే పాఠము నేర్చినట్లున్నది.

ఆ లడీ పేలుచున్న వేళకే, వానలు తప్పిన యేడు, కోసిగి, మంత్రాలయము, ఆదవాని, ఎమ్మిగనూరు పల్లెలనుండి కుటుంబములు సుగ్గికని మూటలు కట్టుచుండును. గుంటూరు మిరపచేలకు కొందరు, బెంగళూరు, హైదరాబాదు కట్టడముల పనులకు కొందరు. ఇంటికి తాళము, ముసలివారు అరుగుమీద, బిడ్డలు బడి మాని తలిదండ్రుల వెంట. 1877 వలె దారిప్రక్క పీనుగులు లేవు. అంతవరకు స్వరాజ్యమునకు దండము. గాని ఊరు విడుచువాడు రైలుకట్ట దారిని పోవుచుండగా ఊరినడుమ నాయకునికి ఆకాశము వెలుగుట మాకు కొత్త దృశ్యముగా కనబడదు.

చట్టము మాట యేమనగా, 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో బాణసంచాకు హద్దులు పెట్టిరి. దీపావళినాడు రాత్రి 8 మొదలు 10 గంటలవరకు మాత్రమే కాల్చవలెను. ఒకదానికొకటి జతకట్టిన లడీలను చేయుట, అమ్ముట, కాల్చుట నిషేధము. ఈ యుత్తర్వు ప్రతి ఠాణాకును వచ్చినది. మన కూడలిలో పేలునది లడీయే. పేలు గంట నాయకుడు వచ్చిన గంట. పేలునపుడు బందోబస్తు చేయుచున్నది ఆ ఠాణావారే. ఉత్తర్వును చదివినవారు చదువనట్లు నటించుటకన్న చదువకుండుటయే గౌరవము.

మేము కోరునది రెండు. మొదటిది, రెండు పట్టణముల పురపాలక సభ్యులు పార్టీభేదము లేక ఒక తీర్మానము చేయవలెను: స్వాగతములకు రహదారిపై బాణసంచా వలదని, తమ నాయకుడు వచ్చిన దినమున కూడ వలదని. ఈ కడపటి మాట తీర్మానములో వ్రాతపూర్వకముగ నుండవలెను. లేనిచో ఎదుటి పార్టీవాని కొరకే చేసినట్లగును.

రెండవది పఠనమందిరముల వారితో. బాణసంచా పటమును తీసివేయుమని మేము చెప్పుట లేదు. అది మంచి పనితనము గలది, ఉండనిండు. దాని ప్రక్కనే, అదే కొలతలో, గ్రాఫిక్ పత్రికలోని బళ్లారి పటమును కట్టవలెను. మొదటిదానిక్రింద దాని సంవత్సరమును వ్రాయుడు. రెండవదానిక్రింద “1877 అక్టోబరు, బళ్లారి జిల్లా, ఆదవాని, ఎమ్మిగనూరు అప్పుడు ఈ జిల్లాలోనివి” అని తెలుగులో, దూరమునుండి కనబడు అక్షరములతో వ్రాయుడు. నకలు దొరకలేదను సాకు వద్దు. ఆ పుటలకు గ్రంథస్వామ్యపు గడువు ఏనాడో తీరినది. ఎవరైనను అచ్చువేయించుకొనవచ్చును, ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేదు. ఫ్రేము ఖర్చునకు చందా పట్టీ ఎత్తు పఠనమందిరము ఏదైనను మాకు జాబు వ్రాసినచో, మా వంతు మేము పంపుదుము.